రెండో మానిటర్ పెట్టాక ఏ రంగును నమ్మాలి?

పెళ్లి ఫొటోల పని చేసేవాళ్లలో చాలామంది ఒక ల్యాప్‌టాప్‌తో మొదలుపెడతారు. పని పెరుగుతుంది, పదిహేను అంగుళాల తెర మీద ఆల్బమ్ షీట్లు పేర్చడం కష్టమవుతుంది. అప్పుడు ఇరవయ్యేడు అంగుళాల మానిటర్ ఒకటి కొని పక్కన తగిలిస్తారు. తలనొప్పి ఆ రోజు నుంచే మొదలు. ల్యాప్‌టాప్ మీద వంగపండు రంగులో ఉన్న పట్టుచీర కొత్త మానిటర్ మీద నీలానికి దగ్గరగా కనిపిస్తుంది. మంగళస్నానం ఫొటోలో పసుపు ఒక తెర మీద నిమ్మపండు ఛాయలో, ఇంకో తెర మీద నారింజ ఛాయలో ఉంటుంది. పెళ్లికూతురి ముఖం ఒకచోట పాలిపోయి, మరోచోట ఎర్రబారి ఉంటుంది. ఇంతకీ ఫొటోలో ఉన్న అసలు రంగు ఏది?

ఈ ఇబ్బంది వచ్చినవాళ్లందరూ రెండు తెరలనూ ఒకేలా ఎలా చేయాలని అడుగుతారు. ఆ ప్రయత్నంలో రోజులు పోతాయి. రెండు వేర్వేరు రకాల మానిటర్లు అచ్చంగా ఒకేలా కనిపించడం దాదాపు జరగని పని. ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొన్నా కొద్దిపాటి తేడా ఉంటుంది. నన్నడిగితే, అంత ఆరాటం అవసరం లేదు. రంగు మీద, వెలుగు మీద తీర్పు చెప్పే తెర ఒక్కటి ఉంటే చాలు. రెండోది సాయం చేసేది. ఏ తెరకు ఏ పని అన్నది తేల్చుకుంటే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి. అయితే తీర్పు చెప్పే తెర నిజం చెబుతోందో లేదో తెలియాలంటే, ఫైలు నుంచి కంటి దాకా రంగు ఎలా ప్రయాణిస్తుందో కాస్త తెలుసుకోవాలి.

ఫొటో ఫైలులో ఉండేవి అంకెలు. ఒక్కో చుక్కకు ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని 0 నుంచి 255 వరకు మూడు అంకెలు. ఎరుపు 255, మిగతా రెండూ సున్నా అంటే ‘నీ దగ్గరున్న ఎరుపును పూర్తిగా వెలిగించు’ అని మానిటర్‌కు చెప్పడమే. కానీ ఒక మానిటర్ దగ్గరున్న ఎరుపు ఇంకో మానిటర్ దగ్గర ఉండదు. చవక ల్యాప్‌టాప్ తెరల వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అంటే పాత టీవీల రంగుల ప్రమాణం. ఇంటర్నెట్టుకూ మామూలు ప్రింటింగ్ ల్యాబులకూ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో ఆ తెర చూపించేది మూడింట రెండు వంతులకు అటూ ఇటూ మాత్రమే. కుంకుమ, మందారం, ముదురు ఎరుపు పట్టు వంటివి అలాంటి తెర మీద వెలిసిపోయినట్టు కనిపించేది అందుకే. దానికి ఆ ఎరుపు పండించడమే చేతకాదు. ఇక విశాలమైన రంగుల పరిధి ఉన్న మానిటర్ అయితే అవే అంకెలకు కళ్లు చెదిరే ఎరుపు వెలిగిస్తుంది.

ఎస్‌ఆర్‌జీబీని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ అంతకన్నా విశాలమైనది. ముఖ్యంగా ఆకుపచ్చ, సముద్రపు నీలిపచ్చ వైపు. మానిటర్ కొనేటప్పుడు ‘అడోబ్ ఆర్‌జీబీ 99 శాతం’ అన్న మాట చూసి చాలామంది ఎక్కువ డబ్బు పెడతారు. మీ పని అంతా ల్యాబ్‌కు పంపే జేపెగ్ ఫైళ్లు, కస్టమర్ ఫోనుకు పంపే ఫొటోలే అయితే ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా, నిలకడగా చూపించే ఐపీఎస్ మానిటర్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం తెర) చాలు. మిగిలిన డబ్బుతో రంగులు కొలిచే పరికరం కొనండి. మంచి లెన్సుకు పెట్టే డబ్బు కన్నా తక్కువలోనే వస్తుంది, ఒకే పరికరంతో రెండు తెరలనూ కొలవవచ్చు.

ఇక్కడ కాలిబ్రేషన్, ప్రొఫైల్ అనే రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి. కిరాణా కొట్టు తూకం కిలోకు యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందనుకోండి. స్క్రూ తిప్పి దాన్ని సరిచేయడం కాలిబ్రేషన్. ఎంత తిప్పినా పోని తేడా ఎంతో కొలిచి, ‘ఈ తూకం ఇంత ఎక్కువ చూపిస్తుంది’ అని రాసి అంటించిన చీటీ ప్రొఫైల్. చీటీ వల్ల తూకం మారదు. దాన్ని చదివి లెక్క సరిచేసుకునేవాడు ఉంటేనే ఉపయోగం.

ఫొటోషాప్, లైట్‌రూమ్ వంటి ఎడిటింగ్ ప్రోగ్రాములు ఆ చీటీ చదువుతాయి. ఫైలులో ఉన్న రంగు ఏమిటో, ఈ మానిటర్ గుణం ఏమిటో చూసి, ఈ తెరకు పంపాల్సిన అంకెలను కొత్తగా లెక్కకడతాయి. ఫొటోషాప్‌లో కిటికీని పక్క తెర మీదికి లాగినప్పుడు రంగు ఒక్క క్షణం తర్వాత సర్దుకోవడం గమనించే ఉంటారు. బొమ్మలో ఎక్కువ భాగం ఏ తెర మీదికి చేరితే ఆ తెర ప్రొఫైల్‌కు అది మళ్లీ లెక్క కడుతుంది. కిటికీని సగం ఇటు, సగం అటు పెట్టి పోల్చిచూడటం వృథా అయ్యేది ఇందుకే. అప్పుడు ఒక సగం ఎలాగూ తప్పే. చీటీని పట్టించుకోని ప్రోగ్రాములూ ఉన్నాయి. కొన్ని ఫొటో వ్యూయర్లు, ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఫైలులోని అంకెలను యథాతథంగా తెరకు పంపేస్తాయి. ఒకే మానిటర్ మీద ఒకే ఫొటో లైట్‌రూమ్‌లో ఒకలా, వ్యూయర్‌లో ఇంకోలా కనిపిస్తే మానిటర్‌ను తిట్టకండి.

విండోస్‌లో రెండు తెరలు పెట్టాక ఎక్కువగా జరిగే పొరపాటు ప్రొఫైళ్లు తారుమారు కావడం. కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిస్తే పైన మానిటర్ల జాబితా ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ ఎంచుకుని, దానికి సొంత సెట్టింగులే వాడాలన్న గడిలో టిక్ పెట్టి, దాని ప్రొఫైల్‌నే డిఫాల్ట్‌గా ఉంచాలి. ఏ అంకె ఏ తెరదో తెలియకపోతే పక్కనే ఉన్న గుర్తింపు బటన్ నొక్కితే తెరల మీద పెద్ద అంకెలు వస్తాయి. కేబుల్ ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు మార్చినా, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా ఎక్కించినా ఈ పేజీని ఒకసారి చూసుకోవడం మంచిది. రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చే డూప్లికేట్ పద్ధతి ఈ పనికి పనికిరాదు. విండోస్ మీట, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. మ్యాక్‌లో ఈ గొడవ తక్కువ. ఏ తెరకు ఏ ప్రొఫైల్ అన్నది డిస్‌ప్లే సెట్టింగుల్లోనే కనిపిస్తుంది.

పరికరంతో కొలిచే ముందు ఆపేయాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రిపూట తెరను పసుపుబార్చే నైట్ లైట్, గది వెలుగును బట్టి తెర మార్చుకునే ఆటో బ్రైట్‌నెస్, మ్యాక్‌లో అయితే ట్రూ టోన్. మానిటర్ మెనూలోని డైనమిక్ కాంట్రాస్ట్, సినిమా మోడ్, గేమ్ మోడ్ వగైరా కూడా. ల్యాప్‌టాప్‌తో ఇంకో తిరకాసు ఉంది. చార్జింగ్ ఆదా కోసం గ్రాఫిక్స్ డ్రైవర్లు బొమ్మను బట్టి వెలుగునూ కాంట్రాస్టునూ సొంతంగా మార్చేస్తాయి, అదీ బ్యాటరీ మీద ఉన్నప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారిందంటే, అంతకు ముందు ఫొటోకూ ఇప్పటి ఫొటోకూ నీడల్లో తేడా వచ్చేస్తుంది. ఎడిటింగ్ చేసినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

కేబుల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది. టీవీ లోకంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ లోకంలో అదే 0 నుంచి 255. గ్రాఫిక్స్ కార్డు మీ మానిటర్‌ను టీవీ అనుకుని 16–235 పంపిందనుకోండి, మానిటర్ మాత్రం 0–255 ఆశిస్తోందనుకోండి. అప్పుడు నల్ల కోటు బూడిద రంగులోకి వస్తుంది, బొమ్మంతా పొగ పట్టినట్టు ఉంటుంది. ఇది తిరగబడితే పెళ్లికొడుకు జుట్టు, కోటు మడతలు అన్నీ కలిసి ఒక నల్లటి ముద్ద అవుతాయి. మానిటర్ పాడైందని, కాలిబ్రేషన్ కుదరలేదని అనుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ పరిధిని ఫుల్ అని పెడితే పోతుంది. అక్కడే రంగు పద్ధతి ఆర్‌జీబీ అని ఉందో లేదో చూడండి. వీలుంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడటం ఇంకా సుఖం. 4కే మానిటర్‌ను పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకు తగిలిస్తే సెకనుకు 30 సార్లే బొమ్మ మారుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది రంగు కాదు, వెలుగు. కొత్త మానిటర్ దుకాణంలో మెరవాలి కాబట్టి బ్రైట్‌నెస్‌ను బాగా పెంచి పంపుతారు. మామూలు గది వెలుగులో ఫొటో ఎడిటింగ్‌కు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు చాలు. పెట్టెలోంచి తీసిన మానిటర్ చాలాసార్లు దానికి రెండు మూడింతలు ఇస్తుంది. అంత వెలుగులో ఫొటో చూస్తే ముఖాలు కాస్త ఎక్కువ తెల్లగా అనిపిస్తాయి, మీరు తగ్గిస్తారు. ప్రింటు చీకటిగా వస్తుంది, నెపం ల్యాబ్ మీద పడుతుంది. తీర్పు చెప్పే తెరను 100 క్యాండెలాల దగ్గర, తెలుపును డీ65 దగ్గర, గామాను 2.2 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. డీ65 అంటే సుమారు 6500 కెల్విన్ ఛాయ, పగటి వెలుగుకు దగ్గర. గామా అంటే నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత వెలుగుతో కనిపించాలో చెప్పే అంకె. కొలిచే ముందు తెరను అరగంట వెలిగించి ఉంచాలి. వేడెక్కే కొద్దీ దాని వెలుగు మారుతుంది.

రెండో తెర వెలుగు కూడా మొదటిదాని స్థాయికే రావాలి, లేదా కొంచెం తక్కువ ఉండాలి. ఇందులో బేరం లేదు. కన్ను ఎదురుగా ఉన్న అతి తెల్లని వస్తువును తెలుపు అని పట్టుకుని, మిగతావాటిని దానితో పోల్చి చూస్తుంది. పక్కన ల్యాప్‌టాప్ నీలం పట్టిన తెలుపుతో భగభగలాడుతుంటే, ఎంత సరిగా కాలిబ్రేట్ చేసిన మానిటరైనా పసుపుబారినట్టు, మసకగా కనిపిస్తుంది. దాంతో మీ చెయ్యి తెలియకుండానే ఫొటోలను నీలం వైపు జరుపుతుంది, వాటి వెలుగు పెంచుతుంది. రెండో తెర మీద తెల్లటి బ్రౌజరో వాట్సాప్ కిటికీయో పూర్తిగా పరిచి ఉంచినా ఇదే తంటా. ఫోల్డర్లు, ప్యానెళ్లు వగైరాకు ముదురు థీమ్ పెట్టుకోండి. వాల్‌పేపర్‌గా సాదా బూడిద రంగు చాలు.

ఇప్పుడు అందరినీ తికమక పెట్టే సంగతికి వద్దాం. రెండు తెరలనూ పరికరంతో కొలిచారు. రెండింటికీ డీ65 అనే చెప్పింది, రిపోర్టులో తేడా లేదని పచ్చ టిక్ వచ్చింది. పక్కపక్కన తెల్ల కాగితం బొమ్మ పెట్టి చూస్తే మాత్రం ఒకటి గులాబీ ఛాయలో, ఇంకోటి ఆకుపచ్చ ఛాయలో ఉంది. పరికరం పాడైందా? చాలాసార్లు కాదు. పరికరం లెక్కలన్నీ 1931లో తయారైన ఒక ‘ప్రామాణిక కన్ను’ మీద ఆధారపడి ఉన్నాయి. ఇంగ్లండులో రైట్ అనే పరిశోధకుడు పదిమందితో, గిల్డ్ అనే ఆయన ఏడుగురితో చేసిన ప్రయోగాల నుంచి ఆ ప్రమాణం వచ్చింది. ఆ పదిహేడు మంది సగటు మీ కన్ను కాదు. మామూలు ఎల్‌ఈడీ తెర ఎరుపును, నీలాన్ని ఒక రకం కాంతి మిశ్రమంతో పండిస్తుంది. విశాలమైన పరిధి ఉన్న తెర సన్నని, పదునైన కాంతి పట్టీలతో పండిస్తుంది. ఆ సగటు కంటికి రెండు తెలుపులూ ఒకటే. కానీ మనిషి మనిషికీ కంటిలోని రంగు గ్రాహకాలు కొంచెం తేడా, వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది. అందుకే మీకు ఒకలా, పక్క కుర్చీలో కూర్చున్న మీ అసిస్టెంట్‌కు ఇంకోలా కనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీనికి ఉన్న మందు మొరటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. తీర్పు తెరను పరికరం చెప్పినట్టే ఉంచండి. రెండో తెర మీద మాత్రం తెలుపును కంటితో చూసి సర్దండి. రెండు తెరల మీదా ఖాళీ తెల్ల పేజీ పెట్టి, రెండో మానిటర్ మెనూలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు తెలుపులూ దగ్గర పడేదాకా చూడండి. ఆ తెలుపునే లక్ష్యంగా పెట్టుకుని పరికరంతో ప్రొఫైల్ చేయించండి. డిస్‌ప్లేకాల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు ఒప్పుకుంటుంది. రిపోర్టు అంకెలు అందంగా ఉండకపోవచ్చు, కళ్లకు మాత్రం హాయి. ల్యాప్‌టాప్ తెరకు ఇలా తిప్పే మీటలు ఉండవు. సర్దుబాటు అంతా గ్రాఫిక్స్ కార్డులోనే జరగాలి. ఎక్కువ మార్పు అడిగితే ఆకాశం వంటి నున్నటి చోట్ల చారలు కనిపిస్తాయి. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ శ్రేణుల మానిటర్లు ఖరీదైనా స్టూడియోలు కొనడానికి ఒక కారణం ఇదే: సర్దుబాటు పట్టిక మానిటర్ లోపలే ఉంటుంది, చారల బెడద తక్కువ.

ఏ తెర మీద ఏమి పెట్టాలి? లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎఫ్11 నొక్కితే రెండో తెర మీద ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. చాలామంది పెద్ద ఫొటోను దాని మీద, చిన్న బొమ్మల వరుసను మెయిన్ కిటికీలో పెడతారు. దాన్ని తిరగేయమని నా సలహా. ఎడిట్ చేసే పెద్ద ఫొటో తీర్పు తెర మీదే ఉండాలి. రెండో తెర మీద గ్రిడ్ పెట్టి, ఒకే తంతుకు చెందిన ఫొటోలన్నీ ఒకేసారి కనిపించేలా చూసుకోండి. తలంబ్రాల వరుసలో నాలుగో ఫొటో మిగతావాటికన్నా ఎర్రగా ఉంటే అక్కడ ఇట్టే తెలుస్తుంది. తెర రంగు కొంత తేడాగా ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే మీరు చూస్తున్నది ఫొటోకూ ఫొటోకూ మధ్య తేడాను. ఫొటోషాప్‌లో అయితే లేయర్లు, హిస్టరీ వంటి ప్యానెళ్లు అటు పంపేయవచ్చు.

ఆల్బమ్ పనిలో రెండో తెర విలువ అంకెల్లోనే తెలుస్తుంది. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 10,800 చుక్కల వెడల్పు ఉంటుంది. 27 అంగుళాల 2560×1440 మానిటర్ మీద వంద శాతం దగ్గర చూస్తే ఆ వెడల్పులో పావు వంతుకన్నా తక్కువే కనిపిస్తుంది. షీటు మొత్తం రెండో తెర మీద, రిటచింగ్ చేసే ముఖం ఈ తెర మీద ఉంటే జూమ్ చేయడం, వెనక్కి రావడం అనే రోజంతా సాగే కసరత్తు తప్పుతుంది. ఫొటోషాప్‌లో ఒకే ఫైలుకు రెండు కిటికీలు తెరవవచ్చన్న సంగతి చాలామంది వాడుకోరు.

షార్ప్‌నెస్ విషయంలో మాత్రం రెండు తెరల మధ్య తిరగకండి. ఆ 2560×1440 మానిటర్ మీద అంగుళానికి దాదాపు 109 చుక్కలు, అదే సైజు 4కే మీద 163, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ మీద 141. ఒకే ఫొటో వంద శాతం దగ్గర మూడింటి మీద మూడు రకాల పదునుతో కనిపిస్తుంది. 4కే మీద గ్రెయిన్ కనిపించక, పదును చాలలేదని ఇంకాస్త పెంచితే ప్రింటులో పట్టుచీర జరీ ముళ్లు ముళ్లుగా వస్తుంది. రెండో తెరను పెట్టే కోణం కూడా చూసుకోండి. ఐపీఎస్ కాని వీఏ, టీఎన్ రకం తెరలను పక్కకు, ఏటవాలుగా పెట్టి చూస్తే నీడల ఛాయ మారుతుంది. టీఎన్ తెరను నిలువుగా తిప్పి పెట్టడం అసలు వద్దు.

గదిని కూడా కొంచెం పట్టించుకోవాలి. మన స్టూడియోల గోడలకు చిలకాకుపచ్చ, గులాబీ రంగులంటే మక్కువ. ఆ రంగు తెర మీద కాకపోయినా మీ కంటి మీద పడుతూనే ఉంటుంది. తెర వెనక గోడ ఒక్కటైనా లేత బూడిద రంగులో ఉంటే మేలు. కిటికీ వెలుగు నేరుగా తెరల మీద పడకూడదు. ఉదయం చేసిన ఎడిటింగ్‌కూ రాత్రి చేసినదానికీ పొంతన కుదరకపోవడానికి పరదా లేని కిటికీ చాలు.

ఇంకో తెర గురించి కూడా చెప్పాలి: కస్టమర్ ఫోను. చాలా ఫోన్లలో రంగులను కావాలని పెంచి చూపించే వివిడ్ మోడ్ ఉంటుంది. ‘మా అమ్మాయి చీర రంగు ఇది కాదండీ’ అని ఫోను చూపించి అడిగితే, ఆ ఫోనుకు సరిపడేలా ఫైలు మార్చడం మొదలుపెట్టకండి. వాళ్లను తీర్పు తెర ముందు కూర్చోబెట్టి చూపించండి. వీలైతే చీరే తెప్పించి పక్కన పెట్టండి. పంపే ఫైళ్లు మాత్రం ఎస్‌ఆర్‌జీబీలోనే, ప్రొఫైల్ జతచేసి ఉండాలి. అడోబ్ ఆర్‌జీబీ ఫైలును ప్రొఫైల్ చదవని యాప్‌లో తెరిస్తే పెళ్లికూతురు జ్వరం పడి లేచినట్టు ఉంటుంది.

మొత్తం అమర్చాక, ఆల్బమ్ ఆర్డర్ ఇచ్చే ముందు ల్యాబ్ నుంచి ఒక చిన్న పరీక్ష ప్రింటు తెప్పించుకోండి. అందులో చర్మం, తెల్ల పంచె, నల్ల కోటు, ముదురు ఎరుపు చీర, బంగారం ఉండే నాలుగైదు ఫొటోలు చాలు. ల్యాబ్ వాళ్ల వైపు నుంచి ఎలాంటి ఆటో కరెక్షన్ పెట్టొద్దని ముందే చెప్పాలి, లేకపోతే మీరు పోలుస్తున్నది వాళ్ల ఆపరేటర్ అభిరుచితో. ప్రింటును తెరకు ఆనించి చూడకుండా, పక్కన మంచి సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) ఉన్న 5000 కెల్విన్ బల్బు కింద పెట్టి చూడండి. ప్రింటు మొత్తంగా చీకటిగా ఉంటే మీ తీర్పు తెర వెలుగు ఇంకా ఎక్కువ ఉందని అర్థం. బ్రైట్‌నెస్ పది క్యాండెలాలు తగ్గించి మళ్లీ ప్రొఫైల్ చేయండి. వెలుగు సరిపోయి ఒక్క ఎరుపు మాత్రమే తేడాగా ఉంటే అది కాగితం, సిరా పరిమితి. అప్పుడు ల్యాబ్ దగ్గర వాళ్ల ప్రింటర్ ప్రొఫైల్ ఇస్తారేమో అడిగి, ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించే ఏర్పాటు, పెట్టుకుని చూడాలి.